ఇన్, ఆన్, ఎట్‌లను తెలుగు అర్థాలతో నేర్పాలా, వద్దా?

పలకబలపం: ప్రభుత్వ బడిలో మూడో తరగతికి ఇంగ్లిషు చెబుతున్నాను. 'ఇన్ అంటే లో, ఆన్ అంటే మీద, ఎట్ అంటే వద్ద' అని పట్టిక రాయించి వల్లె వేయించడం మా దగ్గర ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. మొన్నటి శిక్షణ తరగతిలో మాత్రం తెలుగు అర్థం అసలు చెప్పవద్దని, బొమ్మలతోనే నేర్పాలని అన్నారు. మీరేమంటారు?

నల్లబల్ల: పట్టిక మానేయండి మేడమ్. మామిడికాయ చెట్టుకు కాస్తుంది, పిట్ట చెట్టు మీద వాలుతుంది. ఇంగ్లిషులో కాయ 'ఆన్ ద ట్రీ', కొమ్మల మధ్య కూర్చున్న పిట్ట 'ఇన్ ద ట్రీ'. పటం గోడకు ఉంటుంది, బల్లి గోడ మీద ఉంటుంది. వాళ్లకు రెండూ 'ఆన్ ద వాల్'. మీ పట్టికను బుద్ధిగా నేర్చుకున్న పిల్లవాడే ఇక్కడ ఎక్కువగా తప్పుతాడు. వాడికి మార్కులు తగ్గించడం అన్యాయం.

చదువులతోట: నల్లబల్ల గారూ, తెలుగుతో పోల్చి చూశారు కాబట్టే ఆ తేడా మీకు పట్టుబడింది. ఆ పోలిక పిల్లలకు ఎందుకు అందకూడదు? పెట్టెలో బంతికి, బల్ల కింద పిల్లికి బొమ్మ గీయవచ్చు. 'ఎట్ ఫైవ్', 'ఆన్ మండే', 'ఇన్ జనవరి'లకు ఏ బొమ్మ గీస్తారు? మనమూ ఐదింటికి, సోమవారం నాడు, జనవరిలో అని మూడు రకాలుగానే అంటాం కదా! ఆ వాక్యాలను పక్కపక్కన రాస్తే పిల్లలే పట్టుకుంటారు. 'కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్' అని షష్ఠీ విభక్తి ఒక్కదానిలోనే ఇన్ని వల్లించినవాళ్లం, ఒక మాటకు ఒకే అర్థం ఉండాలని పట్టుబట్టడం నాకు అర్థం కాదు. నేను వద్దనేది పట్టికను, తెలుగును కాదు.

రైలుబండి: ఒక తండ్రిగా చెబుతున్నాను. మా అమ్మాయికి ఏ మాట వాడాలన్నది అంత కష్టం కాలేదు, అసలు మాట కావాలని గుర్తుండటమే కష్టమైంది. 'గోడ దూకాడు' అంటే మనకు సరిపోతుంది, ఇంగ్లిషులో మామూలుగా 'జంప్డ్' తర్వాత 'ఓవర్' వస్తుంది. బస్సయినా కారయినా మనం ఎక్కుతాం, దిగుతాం. వాళ్లు బస్సుకు 'గెట్ ఆన్', 'గెట్ ఆఫ్' అని, కారుకు 'గెట్ ఇన్', 'గెట్ అవుట్' అని అంటారు. నిలబడి అటూ ఇటూ నడవగలిగే బండికి 'ఆన్' అని చెప్పాక మా అమ్మాయి రైలుకూ విమానానికీ తానే సరిగ్గా చెప్పింది. ఆ వివరణ నేను తెలుగులోనే ఇచ్చాను.

నల్లబల్ల: వివరణ తెలుగులో ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ ప్రతి వాక్యాన్నీ తెలుగు చేయించడం మొదలైతే, పిల్లలు ముందు 'బల్ల' అని, తర్వాత 'కింద' అని ఆలోచించి 'టేబుల్ అండర్' అంటారు. మాట ముందుకు రావడం చెవికి అలవాటు కావాలి. దానికి ఇంగ్లిషు వాక్యాన్ని పదే పదే వినిపించాల్సిందే.

పలకబలపం: రేపు కాయనూ పిట్టనూ ఒకే చెట్టుకు గీసి, రెండు వాక్యాలూ చదివిస్తాను. 'ఓవర్', 'అబౌ' తేడా మూడో తరగతికే చెప్పాలా, నాలుగుకు వదిలేయవచ్చా?

చదువులతోట: వదిలేయండి. ఇప్పటికి తల పైన తిరిగే ఫ్యానుకు 'అబౌ' ఒక్కటి చాలు.