కడుపులో తగ్గని వాపు క్యాన్సర్‌కు ఎలా దారి తీస్తుంది?

ప్రశ్న: మా నాన్నగారికి ఎండోస్కోపీ చేసి, హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా వల్ల జీర్ణాశయంలో చాలాకాలంగా వాపు ఉందని చెప్పారు. మనల్ని కాపాడవలసిన తెల్ల రక్తకణాలే హాని ఎలా చేస్తాయో దయచేసి వివరించగలరా?

జవాబు 1: బ్యాక్టీరియా తగిలిన జీర్ణాశయపు లోపలి పొరకణాలు ఇంటర్‌ల్యూకిన్-8 అనే రసాయన సంకేతాన్ని వదులుతాయి. దాని జాడ పట్టుకొని న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాలు రక్తనాళపు గోడకు అతుక్కొని, కణాల సందుల్లోంచి దూరి, అక్కడికి చేరుకుంటాయి. అవి విడుదల చేసే చురుకైన ఆక్సిజన్ అణువులు క్రిమితోపాటు మన కణాల డీఎన్‌ఏను కూడా దెబ్బతీస్తాయి. చర్మం తెగితే ఈ రాక కొద్ది రోజుల్లో ఆగుతుంది; ఇక్కడ క్రిమి ఏళ్ల తరబడి తిష్ఠ వేస్తుంది కనుక ఆగదు. దెబ్బతిన్న పొరను పూడ్చడానికి కణాలు పదేపదే విభజన చెందుతుంటే జన్యు లోపాలు పోగుపడి, క్యాన్సర్‌కు దారి తీయవచ్చు.

జవాబు 2: కణితుల్లో తెల్లకణాలు ఉండడాన్ని జర్మన్ వైద్యుడు విర్షో 1863లోనే గుర్తించారు. కణితి మాక్రోఫేజ్‌లు అనే ఒక రకం తెల్లకణాల్లో కొన్నిటిని తనవైపు తిప్పుకొని, వాటి చేతనే కొత్త రక్తనాళాలు వేయించుకుంటుంది. నా దృష్టిలో అన్నిటికన్నా ఆందోళన కలిగించే విషయం ఇదే.

జవాబు 3: మీరు భయపడకండి. ఈ క్రిమి సోకినవారిలో అత్యధికులకు క్యాన్సర్ రాదు. అయినా 1994లోనే దీన్ని క్యాన్సర్ కారకంగా వర్గీకరించారు కనుక, డాక్టరు రాసిన యాంటీబయాటిక్ మందులను నాన్నగారి చేత మధ్యలో ఆపకుండా పూర్తిగా వాడించి, తరువాత శ్వాస పరీక్షతో క్రిమి పోయిందని నిర్ధారించుకోండి.