కళ్ళెం మీది ఇత్తడి బిళ్ళ చూసి కాలం చెప్పొచ్చా?

పాతసామాను_ప్రియ: పాతబస్తీలో ఒక కళ్ళెం కొన్నాను. తోలు పట్టీలు, గుర్రం నోట్లో పెట్టే ఇనుప కమ్మీ, దానికి రెండు వైపులా ఇత్తడి బిళ్ళలు. బిళ్ళ మీద కిరీటం, కింద ఇంగ్లీషులో "20 డెక్కన్ హార్స్" అని ఉంది. మొదటి ప్రపంచయుద్ధం నాటిదని అమ్మినాయన చెప్పాడు. ప్రభుత్వ బాణం గుర్తు లేదు కాబట్టి నకిలీ అంటున్నాడు మా మిత్రుడు. ఎవరి మాట నమ్మాలి?

రికాబు: మీ మిత్రుడిదే సరైన మాట. బ్రిటిష్ సైన్యం సామాను మీద బాణం గుర్తు ఉంటుంది. ఇండియా సామానుకైతే దాని కింద "ఐ" అక్షరం కూడా కొట్టేవాళ్ళు. పైగా కాన్పూర్‌లో పాత నమూనాల జీనులు, కళ్ళేలు ఈ రోజుకీ తయారవుతున్నాయి.

దక్కనీ_జీను: బాణం గుర్తు విషయంలో నేను ఒప్పుకోను రికాబు గారూ. బిళ్ళ మీద పేరున్న 20 డెక్కన్ హార్స్ ఒక గుర్రపు దళం, అది సిలాదారీ పద్ధతిలో నడిచింది. గుర్రం, జీను, కళ్ళెం సర్కారు ఇవ్వదు. రౌతు సొమ్ముతో దళమే సమకూర్చుకునేది. సర్కారు గిడ్డంగి గడప తొక్కని సామాను మీద సర్కారు ముద్ర ఎలా వస్తుంది? యుద్ధంలో ఈ పద్ధతి తట్టుకోలేకపోయింది, తర్వాత ఎత్తేశారు. గుర్తు ఉంటే అది ఆధారమే. లేనంత మాత్రాన నకిలీ అనడం అన్యాయం.

కాలానికి గట్టి ఆధారం ఆ పేరే. "20 డెక్కన్ హార్స్" అనే పేరు 1903లో వచ్చింది. 1921లో 29వ లాన్సర్స్ అనే మరో గుర్రపు దళంతో కలిపేశాక పోయింది. సికింద్రాబాద్ బ్రిగేడ్‌తో ఫ్రాన్స్ వెళ్ళి, 1916 జూలై 14న అక్కడి హైవుడ్ అనే అడవి దగ్గర బల్లేలతో దూకిన దళం ఇదే. మన ఊరి చరిత్ర కాబట్టే ఇంతగా చెబుతున్నాను.

ప్రియ గారూ, కిరీటం పైభాగం గుండ్రంగా ఉందా, మధ్యలో నొక్కినట్టు ఉందా? 1901 నుంచి 1952 దాకా రాజుల కాలంలో వాడింది గుండ్రటిది. నొక్కినట్టుంటే ఎక్కువగా విక్టోరియా కాలానిదో, 1953 తర్వాతదో అవుతుంది. ఆ రెండు కాలాల్లోనూ ఈ పేరు లేదు.

పాతసామాను_ప్రియ: గుండ్రంగానే ఉంది అన్నా! తోలు అంచు మాత్రం కోసిన చోట నీలం కలిసిన బూడిద రంగులో కనిపిస్తోంది.

దక్కనీ_జీను: అది క్రోమ్‌తో ఊనిన, అంటే పదును చేసిన తోలు. పాతకాలంలోలా చెట్టు బెరడుతో ఊనినదైతే లోపల కూడా గోధుమరంగే ఉంటుంది. పట్టీలు తర్వాత మార్చి ఉంటారు. బిళ్ళలు అసలువే అయ్యుండొచ్చు. దేని వయసు దానికి విడిగా చూడాలి.

రికాబు: అసలు బిళ్ళ నుంచి అచ్చు తీసి పోతపోస్తే కిరీటం గుండ్రంగానే వస్తుంది కదా. రెండు బిళ్ళలూ పక్కపక్కన పెట్టి భూతద్దంతో చూడండి. రెండింటి మీదా ఒకే చోట ఒకే దెబ్బ ఉందా?

పాతసామాను_ప్రియ: ఉంది. "డి" అక్షరం పక్కన చిన్న గీటు. రెండింటికీ అక్కడే, లోపలికి దిగి ఉంది.

దక్కనీ_జీను: అయ్యో. ఏదో ఒక పాత బిళ్ళకు తగిలిన దెబ్బ అచ్చులోకి దిగి, రెండింటికీ వచ్చింది. ఇవి పోతపోసిన నకళ్ళే. బిళ్ళల విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను రికాబు గారూ, బాణం గుర్తు విషయంలో కాదు. ప్రియ గారూ, ఆ ఇనుప కమ్మీ ఫొటో పెట్టండి. తుప్పు పట్టని స్టీలు కాకపోతే దాని గురించి ఇంకా మాట్లాడుకోవాలి.