‘టోబోట్’కి తెలుగు మాట?

మిసిసిపీ నది టోబోట్ల మీద పిల్లలకి ఓ వ్యాసం తెలుగు చేస్తున్నాను. మన విశాఖ పోర్టులో ఓడల్ని లాగే టగ్గుల్ని తలుచుకుని ‘లాగుడు పడవ’ అని రాసేశాను. సరిపోతుందంటారా?

— సరిపోదు మాస్టారూ. పోర్టు టగ్గు తాడు కట్టి లాగుతుంది, పక్కన ఆనుకుని నెడుతుంది కూడా. డాల్ఫిన్ నోస్ కొండ కింది ఇరుకు ఛానెల్లోంచి ఇన్నర్ హార్బర్‌కి ఓడ వస్తుంటే చూడండి. మిసిసిపీ టోబోట్ పని మాత్రం దాదాపు నెట్టడమే. దానికి ఓడల్లా కోసు ముక్కు ఉండదు. చదరపు ముందుభాగానికి రెండు నిలువు ఉక్కు దిమ్మెలుంటాయి. వాటిని బార్జిల (ఇంజను లేని సరుకు పడవల) వెనక ఆనించి, ఇనప తాళ్లతో బిగించి తోస్తుంది. ఒక్కో బార్జిలో సుమారు 1,500 టన్నులు. నది ఎగువన 15 బార్జిల్ని ఒకే కట్టుగా తీసుకెళ్తారు. అక్కడ చాలా లాకుల పొడవు 600 అడుగులే, కట్టు మొత్తం పట్టదు, అందుకని కట్టుని రెండుగా విడగొట్టి దాటించి, మళ్లీ కలుపుకుంటారు. ఈ కట్టు పేరే ‘టో’. నా ఓటు ‘తోపుడు పడవ’కి. పూర్ణా మార్కెట్ తోపుడు బండి చూడని పిల్లలుంటారా?

— బాగుంది. మరి బార్జిని ‘పంటు’ అందామా? మాది నరసాపురం.

— పంటు రేవు దాటించేది కదండీ, మనుషుల్నీ బళ్లనీ ఎక్కించుకుని. ఇవి బొగ్గూ ధాన్యమూ మోసుకుంటూ వందల మైళ్లు పోతాయి. బార్జినే ఉంచండి, పోర్టులో అనేదీ అదే.

— అలాగే, తోపుడు పడవ ఖాయం. ఇంకో పేచీ ఉంది. ‘స్ప్రేగ్’ అని 1901 నాటి ఆవిరి టోబోట్. 1907లో 60 బొగ్గు బార్జిల్ని ఒక్కసారే తోసింది. 1948లో పని మానిపించారు. తర్వాత విక్స్‌బర్గ్‌లో, మన బీచ్ రోడ్డు కుర్సురా జలాంతర్గామిలాగే మ్యూజియం అయింది. 1974లో తగలబడిపోయింది. దాని ముద్దుపేరు ‘బిగ్ మామా’. ‘పెద్దమ్మ’ అని రాశాను.

— పెద్దమ్మంటే జ్యేష్ఠాదేవి, దరిద్ర దేవత కూడానండీ బాబూ! పడవకి ఆ పేరా?

— ఈ కాలం పిల్లలకి ఆవిడెవరో తెలీదులెండి, పెద్దమ్మంటే అమ్మ అక్కే. ‘బిగ్ మామా’ అనే వదిలేస్తే మామయ్య అనుకుంటారు.