'ద ప్రైస్ ఈజ్ రైట్'లో ఆ పిలుపు గొంతు ఎవరిది?

పాతటీవీపిచ్చి: వస్తువుల ధరలు ఊహించే ఈ అమెరికన్ గేమ్ షోలో, బాబ్ బార్కర్ హోస్ట్‌గా ఉన్న కాలం ఎపిసోడ్లు యూట్యూబ్‌లో చూస్తున్నా. ప్రేక్షకుల్లోంచి ఆడేవాళ్లను పేరు పెట్టి "కమ్ ఆన్ డౌన్!" (కిందికి రండి) అని అరిచి పిలిచే అనౌన్సర్ ఎక్కువగా వినిపించడమే తప్ప కనిపించడు కదా, మిగతా టైమంతా ఏం చేసేవాడండీ?

రిమోట్‌రాజు: 1972 నుంచి 1985లో చనిపోయేదాకా అది జానీ ఓల్సన్ గొంతు. అసలు పని కెమెరా ఆన్ కాకముందే ఉండేది. జోకులేస్తూ, ప్రేక్షకుల్లోకి వెళ్లి ఆడవాళ్లతో డాన్సులేస్తూ, చల్లగా కూర్చున్న జనాన్ని హుషారెక్కించేవాడు. హోస్ట్ వచ్చేసరికి సగం షో ఈయనే నడిపేసినట్టు!

చానెల్‌మార్చకు: ఆ గోలలో పిలిచిన పేరు వినపడదని అట్ట మీద రాసి కూడా చూపిస్తారు. అందుకే కొందరు పక్కవాళ్లు తోసేదాకా లేవరు.

మెరుపుకోటు: నా ఓటు తర్వాతొచ్చిన రాడ్ రాడీకే. తళతళలాడే ఆ కోట్లు ఆసియాలో కుట్టించుకునేవాడట. కంటెస్టెంట్ల కన్నా ఆయన కోటు కోసమే చూసేవాణ్ని, నిజం.

పాతటీవీపిచ్చి: థాంక్సండీ, ఇక అట్టల కోసం వెతుకుతా.