డెబ్బై ఆరేళ్ల అమ్మకు ఇంకా మామోగ్రామ్ కావాలా?

గుంటూరు కూతురు:
అమ్మకు 76. ఇరవై ఏళ్లుగా రెండేళ్లకోసారి మామోగ్రామ్ (రొమ్ము క్యాన్సర్‌ను ముందే పట్టడానికి తీసే ఎక్స్‌రే) చేయిస్తున్నాం. ఏనాడూ ఏమీ తేలలేదు. ఈసారి సూర్యారావుపేటలో అపాయింట్‌మెంట్ తీసుకుంటే "నేను రానమ్మా, ఇక చాలు" అంది. వయసు పెరిగేకొద్దీ రొమ్ము క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది కదా అని తమ్ముడు ఒప్పుకోవట్లేదు. అదీ నిజమే. మీ ఇళ్లలో ఏం చేస్తున్నారు?

లబ్బీపేట పిన్ని:
నాకు 77. నేను మానను. మా అక్క గడ్డ తగిలిందని తెలిసీ ఏడాది ఎవరికీ చెప్పలేదు. చెప్పేసరికి ఎముకలకు పాకింది. పలకల మధ్య నొక్కితే నొప్పి కాసేపే. "ఈ వయసులో ఎందుకండీ" అనేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

అరండల్‌పేట కోడలు:
పిన్నిగారూ, అక్కగారి విషయం వేరండీ. గడ్డ తగిలినా, చనుమొన నుంచి రక్తం వచ్చినా, చర్మం సొట్టపడినా తొంభై ఏళ్లకైనా చూపించాల్సిందే. ఇక్కడ మాట ఏ లక్షణమూ లేనివాళ్ల గురించి. అమెరికా నిపుణుల బృందం 2024లో 40 నుంచి 74 ఏళ్ల దాకా రెండేళ్లకోసారి చేయించుకోమంది. 75 దాటాక మంచో చెడో తేల్చడానికి ఆధారాలు చాలవంది. వద్దనలేదు. బ్రిటన్‌లో 71 వచ్చేదాకా వాళ్లే పిలుస్తారు, తర్వాత కావాలంటే మనమే అడగాలి. మన ప్రభుత్వ కార్యక్రమంలోనైతే 30 నుంచి 65 ఏళ్లవాళ్లకు చేత్తో చూసే పరీక్షే.

మామోగ్రామ్ వల్ల ప్రాణం నిలిచే మేలు అందడానికి పదేళ్లు పడుతుందంటారు. బతికినన్నాళ్లూ ఏ హానీ చేయని గడ్డలు కూడా బయటపడతాయి, వాటికీ ఆపరేషన్ అంటారు. మా అత్తగారికి 79వ ఏట ఫిల్ములో తెల్లచుక్కలు కనిపించాయని సూదితో ముక్క తీశారు. రిపోర్టు వచ్చేదాకా ఆవిడ కంచంలో మెతుకులు కెలికి లేచిపోయేవారు. చివరికి ఏమీ లేదు. అప్పటికే గుండె జబ్బు. మళ్లీ మేం అడగలేదు.

లబ్బీపేట పిన్ని:
పాపం, ఆవిడ నలిగిపోయి ఉంటుంది. కానీ నాకు బీపీ, షుగర్ లేవు. రోజూ పొద్దున్నే బందరు కాలువ గట్టున నడుస్తాను. నేను పదేళ్లు ఉండనని ఎవరన్నారు? ఇద్దరినీ ఒకే గాటన కట్టకమ్మా.

గుంటూరు కూతురు:
రాత్రి అమ్మను ఎందుకు వద్దని అడిగాను. ఇన్నేళ్లలో ఇదే మొదటిసారి అడగడం. "ప్రతిసారీ రిపోర్టు చేతికొచ్చేదాకా నిద్ర పట్టదే. మీకెందుకు టెన్షన్ అని చెప్పలేదు" అంది. ఏ మార్పు కనిపించినా ఆరోజే చెబుతానని నా చేతిలో చెయ్యేసింది. అపాయింట్‌మెంట్ రద్దు చేశాను. తమ్ముడికి అమ్మే ఫోన్ చేస్తానంది.