బాల్సా గ్లైడర్ రెక్క: రిబ్బులు కట్టాలా, పలక కోయాలా?

గాజువాక నాన్న:
మా అమ్మాయి ఎనిమిదో తరగతి. వచ్చే నెల స్కూళ్ల మధ్య గ్లైడర్ (ఇంజిన్ లేని బుల్లి విమానం) పోటీ ఉంది. రెక్క ఈ చివర నుంచి ఆ చివరకు 90 సెం.మీ. మించకూడదు. దారం కట్టి లాగి పైకి పంపాలి, ఎవరిది ఎక్కువసేపు గాల్లో ఉంటే వాళ్లదే గెలుపు. ప్లాన్ చూసి, బాల్సా అనే తేలిక కర్రతో రిబ్బులు, అంటే రెక్క ముందంచు నుంచి వెనకంచు దాకా ఉండే పల్చటి అడ్డపట్టీలు, పెట్టి ఒక రెక్క కట్టాం. ఇంట్లో పాత క్యారమ్ బోర్డు ఉంటే దాని మీదే పరిచాం. గుండుసూది దిగదు కాబట్టి పుస్తకాలు బరువు పెట్టాం. పొద్దున తీసి చూస్తే కుడి రెక్క చివర వెనకంచు 4 మి.మీ. కిందికి తిరిగిపోయి ఉంది. మెలితిప్పిన తువ్వాలులా. అయినా ఆశ చావక మేడ మీద నుంచి వదిలాం. వదిలిన ప్రతిసారీ ఎడమకి తిరిగి పక్కింటి కొబ్బరి చెట్టుకే కొట్టుకుంటోంది.

ఇప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన, రిబ్బులు ఈ వయసు పిల్లలకి కాదు, ఒకటే పలక కోసి అతికించెయ్యండి అంటున్నారు. అమ్మాయికి మాత్రం రిబ్బులే కావాలి. ఏం చెయ్యమంటారు?

ఎంవీపీ పలక:
మీ అపార్ట్‌మెంట్ ఆయన మాటకే నా ఓటు. 3 మి.మీ. బాల్సా పలక తెచ్చి, ముందంచు గుండ్రంగా, వెనకంచు పల్చగా సాండ్ పేపర్ పట్టండి. మధ్యలో కోసి, చివరలు 5 సెం.మీ. పైకి లేచేలా అతికించండి. ఆదివారం పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి ఎగురుతుంది. రిబ్బులు, వాటి మీద కాగితం, ఆ కాగితానికి పూసే డోపు అనే వార్నిష్... పోటీ నాటికి పిల్లకి విసుగొచ్చేస్తుంది.

పాత డాక్‌యార్డు:
90 సెం.మీ.కి 3 మి.మీ. పలకా? దారంతో లాగేటప్పుడు చూడండి, రెక్క చివరలు చప్పట్లు కొడతాయి.

నాకు తెలిసిన లెక్క చెప్తాను. రెక్క వెడల్పు 11 సెం.మీ. అనుకుందాం. 90 × 11 × 0.3, అంటే 297 ఘన సెం.మీ. కర్ర. మంచి బాల్సా ఘన సెం.మీ.కి 0.13 గ్రాములు తూగితే రెక్కే 39 గ్రాములు. అదే రిబ్బులతో: 1.5 మి.మీ. పలకలోంచి కోసిన రిబ్బులు పదహారు కలిపితే మూడు గ్రాముల పైన అంతే. పైనొకటి కిందొకటి స్పార్‌లు (రెక్క పొడవునా పోయే కర్ర బద్దలు) 5, ముందంచు 4, వెనకంచు 5, కాగితం, డోపు, గమ్ము కలిపి 8 లేదా 9. మొత్తం 26 దగ్గర ఆగుతుంది. పైగా గట్టిదనం. పలకలో ఉన్న కర్రంతా 3 మి.మీ.లోనే ఇరుక్కుని ఉంటుంది. స్పార్‌ల మధ్య దూరం 6, 7 మి.మీ. వస్తే అదే కర్ర ఎన్నో రెట్లు ఎక్కువ ఓర్చుకుంటుంది. రెండు స్పార్‌ల మధ్య, రిబ్బుకీ రిబ్బుకీ నడుమ చిన్న బాల్సా ముక్కలు, నార నిలువుగా ఉండేలా, పెట్టండి. మధ్య సగంలో పెడితే చాలు, అక్కడే వంగేది. చాలామంది ఈ ముక్కలు ఎగ్గొట్టేస్తారు, దారం లాగినప్పుడు సరిగ్గా మధ్యలోనే విరుగుతుంది.

గాజువాక వారూ, మీ తప్పు రిబ్బుల్లో లేదు, క్యారమ్ బోర్డులో ఉంది. నోటీసు బోర్డులకి వాడే మెత్తటి బోర్డు తీసుకోండి. ప్లాన్ పరచండి, మీద బటర్ పేపర్, దాని మీద కట్టండి. సూదులు కర్రలోకి గుచ్చకండి, కర్రకి అటూ ఇటూ ఆనించి బోర్డులోకి దించండి.

ఏయూ హాస్టల్:
మాస్టారూ, బరువు లెక్క బాగుంది, గాలి లెక్క వదిలేశారు. చిన్న గ్లైడర్ సెకనుకి 5 మీటర్ల వేగంతో పోతుంది. 11 సెం.మీ. వెడల్పు రెక్కకి రేనాల్డ్స్ సంఖ్య (వేగం, రెక్క వెడల్పు, గాలి జిగట కలిపి వేసే లెక్క) 35 వేల దగ్గర. ఇంత తక్కువలో లావు రెక్క మీద గాలి మధ్యలోనే రెక్కను వదిలేసి విడిపోతుంది. పైకి లేపే బలం (లిఫ్ట్) పడిపోతుంది, వెనక్కి లాగే బలం (డ్రాగ్) పెరుగుతుంది. జర్మనీలో ఎఫ్. డబ్ల్యూ. ష్మిట్జ్ 1940ల తొలినాళ్లకే మోడళ్ల రెక్కలని పరీక్షించి చూపించాడు, ఈ వేగాల్లో లావుపాటి సెక్షన్ (రెక్కని అడ్డంగా కోస్తే కనిపించే ఆకారం) కన్నా కాస్త వంచిన పల్చటి పలకే మెరుగు. కాబట్టి పలక అంటే "పిల్లల పని" అని చిన్నచూపు చూడకండి. ఒక్క షరతు, చదునుగా వద్దు. తడిపి వంపు తేవాలి.

పాత డాక్‌యార్డు:
రిబ్బు అంటే లావుగానే ఉండాలని నేనెక్కడ అన్నాను బాబూ? పల్చటి సెక్షన్, కింద వైపు కూడా కాస్త గుంట ఉన్నది గీసి రిబ్బులు కోసుకోవచ్చు. స్పార్‌ల మధ్య 6, 7 మి.మీ. అన్నప్పుడే దాని మందం ఎంతో అర్థమవ్వాలి. నువ్వు చెప్పిన ష్మిట్జ్ పలకని 90 సెం.మీ. పొడవున నిటారుగా నిలబెట్టేది ఏది? రిబ్బో, స్పారో ఏదో ఒకటి కావాలి కదా.

భీమిలి గాలి:
మధ్యలో ఒక పక్కదారి. ఏటికొప్పాక బొమ్మల అంకుడు కర్ర మనకి పక్కనే దొరుకుతుంది కదా, ఈక్వెడార్ నుంచి వచ్చే బాల్సా ఎందుకు?

పాత డాక్‌యార్డు:
అంకుడు లేతు మీద తిప్పి లక్క పట్టించడానికి భేషైన కర్ర. ఎగరడానికి బరువు. సరదాకి ఒకటి చెప్తా, బాల్సా మన బూరుగుకి చుట్టమే, ఒకే కుటుంబం. బూరుగు కర్ర కూడా మెత్తనే, అగ్గిపుల్లలకి వాడతారు. అయినా బాల్సా ముందు అదీ బరువే.

సీతమ్మధార టీచర్:
మీరిద్దరూ రెక్క గురించి కొట్టుకుంటున్నారు, విశాఖ గాలి గురించి ఎవరూ మాట్లాడట్లేదు. నేను స్కూల్లో పిల్లలతో రెండు రకాలూ చేయించాను. రిబ్బుల మీద గాలిపటం కాగితం అంటించి నీళ్లు స్ప్రే చేస్తే ఆరేటప్పుడు డోలు చర్మంలా బిగుసుకుంటుంది, చూడముచ్చటగా ఉంటుంది. తర్వాత డోపు వేశాం. వాన ముందు రోజు అది. పది నిమిషాల్లో రెక్కంతా పాలు చల్లినట్టు తెల్లటి మచ్చలు. డోపులో ద్రావకం ఆవిరవుతూ పైపొరని చల్లబరుస్తుంది, ఆ చల్లదనానికి గాలిలో తేమ వచ్చి అక్కడ కూర్చుంటుంది. పొడిగా ఉన్న ఎండ రోజు చూసుకుని, నీడలో వెయ్యాలి. సముద్రం పక్కన బతుకుతూ అలాంటి రోజు కోసం కాచుకోవడమే పెద్ద పని.

ఇంకో మాట. నీళ్లు కొట్టిన దగ్గర్నుంచి డోపు పూర్తిగా ఆరేవరకూ రెక్కని బోర్డుకి బిగించే ఉంచాలి. వదిలేస్తే కాగితమే రెక్కని మెలిపెడుతుంది. గాజువాక వారి 4 మి.మీ. అంతా క్యారమ్ బోర్డు పాపమేనా అని నాకు అనుమానం.

ఎంవీపీ పలక:
అదే కదా నేనూ అనేది! ఇన్ని తిప్పలు. లేదా ఏసీ గది తలుపులు మూసి డోపు వేసుకోండి, తేమ గొడవే ఉండదు.

సీతమ్మధార టీచర్:
దయచేసి ఆ పని ఎవరూ చెయ్యకండి. ఆ ఆవిరికి నిప్పు అంటుకుంటుంది, మూసిన గదిలో పీలిస్తే తల తిరుగుతుంది. డోపు వేసేది కిటికీలు తెరిచి, పెద్దవాళ్లు, పొయ్యికి దూరంగా. పిల్లలు చూస్తే చాలు.

పలక కూడా తేమకి తిరుగుతుందండీ, ఎంవీపీ గారూ. ఒక వైపే వార్నిష్ వేసి వదిలేసిన పలక నెల తిరక్కుండా అప్పడంలా ముడుచుకున్నది మా బీరువాలో ఇంకా ఉంది. రెండు వైపులా ఒకేసారి, ఒకే మందాన వెయ్యాలి.

ఏయూ హాస్టల్:
మధ్యేమార్గం ఒకటుంది. ఆస్ట్రియాకి చెందిన ఎరిక్ జెడెల్‌స్కీ పేరు మీద చెలామణి అయ్యే రెక్క. ముందు భాగం కాస్త మందం పలక, సెక్షన్ ఆకారానికి సాండ్ చేసింది. వెనక భాగం పల్చటి పలక, కిందికి వాలుగా అతికించాలి. రెండూ కలిసి వంపు వస్తుంది. అడుగున అక్కడక్కడా అర రిబ్బులు ఆసరా. కాగితం లేదు, డోపు గొడవ తక్కువ.

పాత డాక్‌యార్డు:
జెడెల్‌స్కీ మంచిదే, కాదనను. బరువు మాత్రం పలక వైపే మొగ్గుతుంది. గాల్లో ఎక్కువసేపు ఉండటమే పోటీ అయితే ఆ పది, పదిహేను గ్రాములే గెలిపిస్తాయి, ఓడిస్తాయి. పలకతోనే చెయ్యాలనుకుంటే కొనేటప్పుడు చిన్న తక్కెడ పట్టుకెళ్లండి. మీటరు పొడవు, 10 సెం.మీ. వెడల్పు, 3 మి.మీ. మందం పలక 36 గ్రాములు తూగితే ఎంచక్కా తీసుకోండి. 60 తూగితే స్పార్‌లకి పనికొస్తుంది, రెక్కకి కాదు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. వెలుతురులో తిప్పి చూడండి, చేప పొలుసుల్లా మెరిసే చుక్కలు ఉన్న పలక అడ్డంగా వంగదు, రిబ్బులకి అదే కావాలి.

భీమిలి గాలి:
ఏది కట్టినా రెక్క చివరల్లో వెనకంచు రెండు, మూడు మి.మీ. పైకి ఉండేలా చూడండి, రెండు వైపులా సమానంగా. కిందికి తిరిగితే వేగం తగ్గినప్పుడు మొదట రెక్క చివరే పడిపోతుంది, గ్లైడర్ గింగిరాలు కొట్టుకుంటూ దిగుతుంది. ట్రిమ్ చెయ్యడానికి, అంటే వదిలి చూసి సరిచేసుకోవడానికి, పొద్దున్నే వెళ్లండి. సముద్రపు గాలి లేచాక మీ గ్లైడర్ తప్పేంటో గాలి తప్పేంటో తెలీదు. ఎయిర్‌పోర్టు, నేవీ వైపు మాత్రం వద్దు.

గాజువాక నాన్న:
వారం తర్వాత వస్తున్నాను. అన్నీ మా అమ్మాయికి చదివి వినిపించాను. తను ఇచ్చిన తీర్పు: "రిబ్బులే, కానీ పల్చగా." డాక్‌యార్డు మాస్టారి బరువు, ఏయూ వారి గాలి, రెండూ పెట్టుకుంది. ప్లాన్‌లో 12 మి.మీ. మందం ఉన్న రిబ్బుని 8కి తగ్గించి గీసింది. ప్లైవుడ్‌తో రెండు అచ్చులు చేసి, మధ్యలో పదహారు బాల్సా ముక్కలు పేర్చి, రెండు బోల్టులు బిగించి ఒకేసారి సాండ్ పేపర్ పట్టాం. విప్పి చూస్తే పదహారూ కవలలే. స్పార్‌లు కూర్చునే గాడులు కూడా ఆ కట్టలోనే కోశాం. నేను ఒకటి విడిగా కోశాను, అది సరిపోలేదని పక్కన పడేసింది.

తేమ సంగతి టీచర్ గారు చెప్పినట్టే. కాగితం ఇంకా అంటించలేదు, రెండు రోజులుగా ముసురు.

ఎంవీపీ పలక:
చూశారా, ఇంకా కాగితం దగ్గరే ఉన్నారు. నాదైతే ఈపాటికి ఎగిరి ఉండేది.

పాత డాక్‌యార్డు:
ఎగిరి, విరిగి ఉండేది. గాజువాక వారూ, ఫ్రేము సూదుల మీద ఎప్పటి నుంచి ఉంది? ఈ ముసురులో తెల్ల గమ్ము ఆలస్యంగా ఆరుతుంది. ఆరిందా అని ఎత్తి చూడకండి.

గాజువాక నాన్న:
నిన్న రాత్రి నుంచి. నేను ఎత్తి చూస్తానని తనకి ముందే తెలిసినట్టుంది. బోర్డు అంచున చీటీ అంటించి స్కూలుకెళ్లింది: "నాన్నా, ముట్టుకోకు."