కొత్త సెన్సార్ వేసినా ట్రాక్షన్ కంట్రోల్ లైటు పోవడం లేదు

పెదవాల్తేరు_హ్యాచ్
ఏడేళ్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 68 వేల కిలోమీటర్లు తిరిగింది. రాత్రిళ్లు ఆరుబయటే ఉంటుంది. ట్రాక్షన్ కంట్రోల్ (చక్రాలు జారి తిరగకుండా చూసేది) లైటు, దాంతోపాటే ఏబీఎస్ (బ్రేక్ వేస్తే చక్రం లాక్ కాకుండా చూసేది) లైటు వస్తున్నాయి. తాళం తిప్పగానే వెలిగి మామూలుగానే ఆరిపోతాయి. బండి కదిలి 20 దాటాక మళ్లీ వెలిగి ఇంజిన్ ఆపేదాకా ఉంటాయి. స్కాన్‌లో సి0035, ఎడమ ముందు చక్రం. షెడ్డులో కొత్త సెన్సార్ వేశారు, నాలుగు రోజులకే మళ్లీ మొదలు. ఆ నాలుగు రోజుల్లో కూడా సిగ్నల్ దగ్గర నెమ్మదిగా ఆపుతుంటే చివరి రెండు మూడు అడుగుల్లో బ్రేక్ పెడల్ గరగరమని కొట్టుకునేది, అదీ పొడి రోడ్డు మీద. ఇప్పుడు ఏబీఎస్ యూనిట్ మార్చాలంటున్నారు. మార్చించమంటారా?

నట్టూబోల్టూ
వద్దండి, యూనిట్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. సి0035 అంటే ఎడమ ముందు చక్రం వేగం తెలిపే సర్క్యూట్‌లో తేడా ఉందని. సెన్సార్, దాని తీగ, కనెక్టర్, చక్రం బిగించే హబ్‌లో దాంతోపాటే తిరిగే రింగు (దీన్ని చూసే సెన్సార్ వేగం పసిగడుతుంది), వీటిలో ఏది పాడైనా అదే కోడ్ వస్తుంది.

లైటు ఎప్పుడు వెలుగుతోందో చూస్తే సగం తెలిసిపోతుంది. తీగ పూర్తిగా తెగితే తాళం తిప్పగానే వెలిగి ఇక ఆరదు. మీకు కదిలాకే వస్తోంది కాబట్టి కరెంటు అందుతోంది, చక్రం తిరిగేటప్పుడు వచ్చే సిగ్నలే సరిగా లేదు. పెడల్ కొట్టుకోవడం దానికి గట్టి సాక్ష్యం. బండి ఆగబోతుండగా ఆ ఒక్క చక్రం వేగం హఠాత్తుగా సున్నా అని కనిపిస్తే, చక్రం లాక్ అయిందనుకుని యూనిట్ ఆ బ్రేకును వదిలి పట్టడం మొదలెడుతుంది. పెడల్ కింద మీకు తెలిసేది అదే.

ఏబీఎస్ లైవ్ డేటా చూపించే స్కానర్ కావాలి. చవక బ్లూటూత్ పరికరాల్లో చాలావాటికి ఇంజిన్ కోడ్‌లే కనిపిస్తాయి. గాజువాక ఆటోనగర్‌లో స్కానింగ్ చేసేవాళ్లని ముందే అడిగి వెళ్లండి. పక్కన ఒకరిని కూర్చోబెట్టి ఖాళీ రోడ్డు మీద 30 నుంచి మెల్లగా సున్నాకి తెస్తూ నాలుగు చక్రాల అంకెలూ చూడమనండి. ఏ వేగం దగ్గర ఎడమ ముందుది పడిపోతోందో రాసుకోండి.

సాగరతీరం
సముద్రపు గాలి తగిలే చోట ముందుగా అనుమానించాల్సింది తుప్పు. సెన్సార్ కూర్చునే నకిల్ (చక్రం హబ్‌ని పట్టి ఉంచే భాగం) సాధారణంగా పోత ఇనుము. ఆ రంధ్రం అంచున తుప్పు పొరలుగా ఉబ్బి సెన్సార్‌ని పైకి ఎత్తేస్తుంది. సెన్సార్ మొనకీ రింగుకీ మధ్య సందు సాధారణంగా ఒక మిల్లీమీటరు అటూఇటూ. గోరు మందం తుప్పు చేరినా చాలు, నెమ్మదిగా తిరిగేటప్పుడు సిగ్నల్ జారిపోతుంది. అదే తుప్పు మీద కొత్త సెన్సార్ బిగిస్తే కొత్తదీ అలాగే కూర్చుంటుంది. మీ షెడ్డులో జరిగింది ఇదే కావచ్చు.

చక్రం విప్పి, తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి అరగంట ఆగండి. బోల్టు సాధారణంగా 10 ఎంఎం. సెన్సార్‌ని ప్లయర్‌తో పట్టి మెలితిప్పకండి, ప్లాస్టిక్ తల విరిగి ముక్క లోపలే ఉండిపోతుంది. అటూ ఇటూ కొద్దికొద్దిగా కదుపుతూ లాగండి. రుద్దే ముందు రంధ్రంలోకి గుడ్డ పీలిక దోపండి, రజను రింగు మీద పడకూడదు. 120 నంబరు ఎమెరీ కాగితం చుట్టి లోపల గోడా, పైన సెన్సార్ అంచు ఆనే చోటూ ఇనుము మెరిసేదాకా రుద్దండి. అందరూ మర్చిపోయేది ఆ పై అంచునే. గోడకి సిలికాన్ గ్రీజు పల్చగా, మొనకి మాత్రం వద్దు.

హార్నెస్
తుప్పు మాట నిజమే, కానీ విప్పే ముందు తీగ చూడండి. రెండు నిమిషాల పని. బండి నిలిపి స్టీరింగ్ ఒక కొస నుంచి ఇంకో కొసకి తిప్పి, స్ట్రట్ (చక్రం పైనుండే షాక్ అబ్జార్బర్) దగ్గర క్లిప్ ఊడి తీగ టైరుకి రాసుకుంటోందేమో చూడండి. కనెక్టర్ పిన్నుల మీద పచ్చటి చిలుము ఉంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టండి.

మల్టీమీటరుతో ఓమ్స్ చూసి సెన్సార్ పోయిందని ఎవరన్నా చెబితే నమ్మకండి. బయటి కరెంటు అక్కర్లేని పాత పాసివ్ రకానికి సుమారు 800 నుంచి 2000 ఓమ్స్ రావాలి, ఆ పరీక్ష వాటికే. కరెంటు అందితేనే పనిచేసే యాక్టివ్ రకం ఓమ్స్‌కి తేలదు. దానికి తాళం తిప్పి, హార్నెస్ (బండి వైరింగ్) వైపు కనెక్టర్‌లో వోల్టేజీ వస్తోందో లేదో చూడాలి.

లైటు వెలుగుతున్నంతసేపూ మామూలు బ్రేకులు పనిచేస్తాయి, ఏబీఎస్ మాత్రం ఉండదు. వానలో సింహాచలం ఘాట్ దిగాల్సి వస్తే ముందు బండికి బాగా దూరం ఉంచండి.

పెదవాల్తేరు_హ్యాచ్
తీగ, క్లిప్పులు బాగున్నాయి. లైవ్ డేటా చూశాం. మిగతా మూడూ 8 చూపిస్తుంటే ఎడమ ముందుది 0. 15 పైన నాలుగూ సమానం.

సాగరతీరం
అయితే సందు పెరిగినట్టే. శుభ్రం చేసి, కోడ్ చెరిపి, మళ్లీ అదే పరీక్ష చేయండి. 3, 4 దాకా నాలుగూ కలిసి దిగితే పని అయిపోయినట్టే. అప్పటికీ 8 దగ్గరే పడిపోతే తప్పు రింగుది. మీ బండిలో రింగు బేరింగ్ సీల్‌లోనే ఉంటే బేరింగ్ మార్చాలి. బిగించేటప్పుడు దగ్గరుండి చూడండి: నల్లటి అయస్కాంతపు ముఖం సెన్సార్ వైపే ఉండాలి. తిరగేసి ప్రెస్ చేస్తే సిగ్నలే రాదు, పీకితే ఆ కొత్త బేరింగ్ మళ్లీ వాడడానికి పనికిరాదు.